ముందు వాక్యం, తర్వాత వాదన: క్లబ్ మీటింగు నడపడం ఎలా

రెండు గంటల మీటింగులో అందరూ మాట్లాడారు, టీలు రెండు విడతలు అయ్యాయి, చివరికి "సరే, చూద్దాం లెండి" అంటూ కుర్చీలు సర్దేశారు. విజయనగరంలో వాకర్స్ క్లబ్ అయినా, శ్రీకాకుళంలో అపార్టుమెంటు సంఘమైనా, పల్లెలో యువజన సంఘమైనా ఈ తంతు మీకు తెలిసిందే. తప్పు మాట్లాడినవాళ్లది కాదు. ఆ రెండు గంటల్లో ఒక్కరూ ప్రతిపాదన పెట్టలేదు.

ప్రతిపాదన అంటే ఒక వాక్యం. దానికి అవుననో కాదనో మాత్రమే జవాబు రావాలి. విజయనగరం పైడితల్లమ్మ జాతర సిరిమానోత్సవాన్నే తీసుకోండి. "సిరిమానోత్సవం నాడు మనం ఏదైనా చేస్తే బాగుంటుంది" అన్నది ప్రతిపాదన కాదు, ముచ్చట. "సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర మంచినీళ్లు, మజ్జిగ పంచాలి, అందుకు క్లబ్ నిధి నుంచి 15,000 రూపాయలకు మించకుండా ఖర్చు పెట్టాలి, బాధ్యత కోశాధికారిది" అంటే ప్రతిపాదన. ఏం చేయాలి, ఎక్కడ, ఎంతలో, ఎవరు అన్న నాలుగూ అందులో ఉన్నాయి. ఈ వాక్యం సభ ముందుకు వచ్చేదాకా ఎవరినీ వాదించనివ్వకండి. కింద చెప్పేదంతా ఈ ఒక్క నియమాన్ని నిలబెట్టడానికే.

ఈ పద్ధతి పుట్టింది బ్రిటిష్ పార్లమెంటులో. దాన్ని మామూలు సంఘాలకు పనికొచ్చేలా కుదించి 1876లో అచ్చువేసినవాడు హెన్రీ రాబర్ట్ అనే అమెరికా సైనిక ఇంజినీరు. మన చట్టసభలు నడిచేదీ ఆ పార్లమెంటు బాటలోనే. అసెంబ్లీ వార్తల్లో వినే మూజువాణి ఓటు, సవరణ, పాయింట్ ఆఫ్ ఆర్డర్ మీ క్లబ్బులోనూ పనికొస్తాయి.

మొదట బైలా తీయండి

మీది రిజిస్టరైన సంఘమైతే ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 మీకు వర్తిస్తుంది. ఆ చట్టం కింద సంఘం పెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి. ఏటా కార్యవర్గ సభ్యుల జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. చట్టం తర్వాత మీ బైలా, అంటే సంఘం సొంత నియమావళి. బైలా ఏమీ చెప్పని చోట మాత్రమే ఇక్కడ చెప్పే నియమాలు పనిచేస్తాయి. చాలా సంఘాల్లో బైలా కాపీ రిజిస్ట్రేషన్ కాగితాలతోపాటు ఎవరింటి బీరువాలోనో ఉండిపోతుంది. అయిదు కాపీలు తీయించి, ఒకటి ప్రతి మీటింగుకీ కార్యదర్శి సంచిలో ఉండేలా చూడండి. అందులో నాలుగు విషయాలకు గీత గీసి ఉంచుకోండి: నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, కోరం (తీర్మానాలు చేయడానికి ఉండాల్సిన కనీస హాజరు) ఎంత, ఓట్లు సమానమైతే ఏం చేయాలి, బైలా మార్చాలంటే ఎంత మెజారిటీ కావాలి.

నోటీసు, తేదీ

బైలాలో 14 రోజుల నోటీసు అని ఉంటే, నోటీసు ఇచ్చిన రోజునూ మీటింగు రోజునూ లెక్కలోంచి తీసేసి మధ్యలో పూర్తిగా 14 రోజులు ఉండేలా చూసుకోండి. అప్పుడు ఎవరూ తప్పు పట్టలేరు. నోటీసులో తేదీ, సమయం, చోటు, ఎజెండా నాలుగూ ఉండాలి. డబ్బు, ఎన్నిక, బైలా మార్పు ఉంటే ఆ సంగతి విడిగా, స్పష్టంగా రాయాలి. వాట్సాప్‌లో పెట్టిన నోటీసు చెల్లుతుందా అంటే మీ బైలా ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే కాగితమో పోస్టో తప్పదు, వాట్సాప్ గుర్తు చేయడానికే.

తేదీ పెట్టేముందు పంచాంగం చూడండి. విజయదశమి దాటాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, ముందురోజు తొలేళ్లు. ఆ వారంలో విజయనగరంలో కోరం ఆశించకండి. శ్రీకాకుళం వైపు రథసప్తమికి అరసవల్లి రద్దీ, శివరాత్రికి శ్రీముఖలింగం. సిరిమానుకు ఏదైనా చేయాలనుకుంటే దాని మీటింగు కనీసం నెల ముందు పెట్టాలి. తీర్మానమయ్యాక పనికి కూడా రోజులు కావాలి కదా.

కోరం

మొత్తం 61 మంది సభ్యులు, కోరం మూడో వంతు అనుకుందాం. లెక్క 20.33 వస్తుంది, అంటే 21 మంది కావాలి. పైకే సవరించాలి, కిందికి కాదు. బైలాలో కోరం ప్రస్తావనే లేకపోతే రాబర్ట్ నియమం ప్రకారం మొత్తం సభ్యుల్లో సగానికి మించి ఉండాలి, అంటే 31 మంది. మన లోక్‌సభకు రాజ్యాంగం పెట్టింది పదో వంతే. అంత తక్కువ పెట్టుకుంటే ఏడుగురు కూర్చుని అందరి డబ్బూ ఖర్చు చేసేస్తారు.

హాజరు పుస్తకంలో సంతకాలు ఎన్ని ఉన్నా కోరం అంటే ఆ క్షణంలో గదిలో ఉన్నవారు. మీటింగు మొదట్లో 24 మంది ఉండి, టిఫిన్ కాగానే ఆరుగురు జారుకుంటే మిగిలింది 18. ఇక తీర్మానాలు చేయకూడదు. చేస్తే రేపు ఎవరైనా కాదనొచ్చు. అప్పుడు మీటింగును వాయిదా వేయడమో ముగించడమో తప్ప దారి లేదు. అందుకే టిఫిన్ ఎప్పుడూ చివర్లో. ఉప్మా పొట్లాలు ముందే వచ్చేశాయంటే వాటిని గుమ్మం బయటే ఉంచండి, వాసన వచ్చిందంటే ఎజెండా మీద దృష్టి నిలవదు.

ఎజెండా వరస

గంటన్నర మీటింగుకు ఈ వరస సరిపోతుంది: కోరం ప్రకటన, గత మినిట్స్ (పోయిన మీటింగులో జరిగినదాని రాత) ఆమోదం, కోశాధికారి లెక్కలు, కమిటీల నివేదికలు, గతంలో ఆగిన విషయాలు, కొత్త విషయాలు, వందన సమర్పణ. నివేదికలన్నీ కలిపి అరగంట దాటనివ్వకండి. అధ్యక్షోపన్యాసం అసలు వద్దు.

గత మినిట్స్ ఆమోదం అంటే రాసింది సరిగ్గా రాశారా లేదా అన్నది మాత్రమే. అక్కడ పాత గొడవ తిరగదోడతారు, చూసుకోండి. "ఆ నిర్ణయం సరైందా కాదా అన్నది కాదండీ, జరిగింది జరిగినట్టు రాశారా అన్నదే ఇప్పుడు ప్రశ్న" అని అధ్యక్షుడు ఒక్క మాటతో ఆపాలి.

ఎజెండా చివర చాలామంది రాసే "అధ్యక్షుని అనుమతితో ఇతర విషయాలు" అన్న పంక్తి ఒక దొడ్డిదారి. సగం మంది వెళ్లిపోయాక పెద్ద ఖర్చులు ఇందులోంచే దూరతాయి. ఆ పంక్తి కింద సూచనలు, ప్రకటనలు మాత్రమే తీసుకోండి. డబ్బు విషయమైతే వచ్చే మీటింగు ఎజెండాకు పంపండి.

ప్రతిపాదన నడిచే దారి

సభ్యుడు చెయ్యెత్తుతాడు, అధ్యక్షుడు పేరు పిలుస్తాడు, అప్పుడే మాట్లాడతాడు. "నేను ప్రతిపాదిస్తున్నాను" అని మొదలుపెట్టి వాక్యం చెబుతాడు. అయిదారు మాటలకు మించితే కాగితం మీద రాసి కార్యదర్శికి ఇవ్వాలి. ఈ కాగితం విషయంలో మొహమాటపడకండి. చెప్పినవారికి ఒక వాక్యం, విన్నవారికి ఇంకో వాక్యం, మినిట్స్‌లో మూడో వాక్యం ఉండటం వల్లే సంఘాల్లో సగం తగాదాలు వస్తాయి.

తర్వాత ఇంకొకరు "బలపరుస్తున్నాను" అనాలి. ఇక్కడ మన మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. బలపరచడం అంటే సమర్థించడమని అందరూ అనుకుంటారు. నిజానికి దాని అర్థం "ఇది చర్చకు తగిన విషయమే" అని మాత్రమే. బలపరిచినవారు తర్వాత వ్యతిరేకంగా ఓటు వేయవచ్చు. ఇది తెలియక మంచి ప్రతిపాదనలు బలపరిచేవారు లేక ఆగిపోతుంటాయి. ఒక్కరూ బలపరచకపోతే చర్చ లేదు, తర్వాతి అంశానికి వెళ్లిపోవడమే. ఇద్దరో అంతకు మించో ఉన్న కమిటీ తరఫున వచ్చిన ప్రతిపాదనకు మాత్రం వేరే బలపరచనక్కర్లేదు, కమిటీలో అప్పటికే ఒకరికి మించి ఒప్పుకున్నారు.

ఇప్పుడు అధ్యక్షుడు ఆ వాక్యాన్ని తన నోటితో మొత్తం మళ్లీ చదవాలి. చదివిన క్షణం నుంచి అది పెట్టినవారి సొత్తు కాదు, సభ సొత్తు. అంతకుముందైతే పెట్టినవారు మార్చుకోవచ్చు, వెనక్కి తీసుకోవచ్చు. ఆ తర్వాత రెండింటికీ సభ ఒప్పుకోవాలి. "ఆయనకి అభ్యంతరం లేదట, మార్చేద్దాం" అని అధ్యక్షుడు సొంతంగా దిద్దేయడం తప్పు.

చర్చలో మొదటి అవకాశం ప్రతిపాదించినవారిదే. తర్వాత అనుకూలంగా ఒకరు, వ్యతిరేకంగా ఒకరు చొప్పున పిలవండి. రాబర్ట్ లెక్కలో ఒక్కొక్కరికి పది నిమిషాల చొప్పున రెండుసార్లు అవకాశం. మనకు అంత వద్దు. మీటింగు మొదట్లోనే "ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, రెండుసార్లు మాత్రమే" అని తీర్మానించుకోండి, మూడింట రెండు వంతులు ఒప్పుకుంటే చాలు. రెండోసారి మాట్లాడాలనుకునేవారు, ఒక్కసారీ మాట్లాడనివారు చెయ్యెత్తి ఉంటే ఆగాలి. గడియారం పట్టుకునే పని కార్యదర్శికి ఇవ్వకండి, ఆయన చేతిలో కలం ఉంటుంది.

ఎదుటివారితో కాదు, అధ్యక్షునితో

చిన్న ఊళ్లలో ఈ నియమం ప్రాణం లాంటిది. క్లబ్బులో పెద్దాయన సగం మంది సభ్యులకు ఒకప్పుడు పాఠం చెప్పిన మాస్టారై ఉంటారు. "మాస్టారూ, మీరు చెప్పింది తప్పు" అని ఎవరూ అనలేరు. నోరు నొక్కుకుని కూర్చుని, బయటికొచ్చాక టీ బడ్డీ దగ్గర అంటారు. అందరూ "అధ్యక్షా" అని మొదలుపెట్టి, మనిషి పేరెత్తకుండా "ముందు మాట్లాడిన సభ్యులు చెప్పిన ఖర్చు లెక్కతో నేను ఏకీభవించలేను" అంటే మర్యాద చెడదు, మాట దాగదు. ఉద్దేశాలు అంటగట్టడం, "వీళ్లకేదో కమీషన్ ఉంది" లాంటి మాటలు వచ్చిన వెంటనే అధ్యక్షుడు ఆపాలి.

అధ్యక్షుడు చర్చలో దిగకూడదు. తన అభిప్రాయం చెప్పి తీరాలనిపిస్తే ఆ అంశం తేలేదాకా కుర్చీ ఉపాధ్యక్షుడికి ఇచ్చి కింద కూర్చోవాలి. పన్నెండు మంది లోపు కార్యవర్గ సమావేశాల్లో ఇంత పట్టింపు అక్కర్లేదు. అక్కడ బలపరచకుండానే చర్చించవచ్చు, అధ్యక్షుడూ మాట్లాడవచ్చు, ఓటూ వేయవచ్చు.

సవరణలు: తడబడేది ఇక్కడే

మజ్జిగ ప్రతిపాదననే తీసుకోండి. ఒకరు లేచి "15,000 తీసి 20,000 అని చేర్చాలి" అన్నారు, ఇంకొకరు బలపరిచారు. అది సవరణ. ఇప్పుడు చర్చ అంకె మీదే, మజ్జిగ మంచిదా కాదా అన్నది పక్కకు పోయింది. ఇంతలో మరొకరు "20,000 వద్దు, 18,000 చాలు" అన్నారు. ఇది సవరణకు సవరణ, ఇదీ కుదురుతుంది. దానిపై నాలుగో అంకె చెబితే కుదరదు, ఈ రెండింట్లో ఒకటి తేలేదాకా ఆగాలి.

ఓటింగు కిందినుంచి పైకి వస్తుంది. మొదట: సవరణలో 20,000 బదులు 18,000 పెట్టాలా? గెలిచిందనుకోండి. రెండో ఓటు: ప్రతిపాదనలో 15,000 తీసి 18,000 పెట్టాలా? అదీ గెలిచింది. ఇక్కడ చప్పట్లు కొట్టి లేచిపోతారు. కానీ ఇంతవరకూ సభ ఒప్పుకున్నది అంకె మాత్రమే, మజ్జిగ పంచాలని ఎవరూ తీర్మానించలేదు! మూడో ఓటు కావాలి: 18,000తో సవరించిన మొత్తం ప్రతిపాదనకు అవునా, కాదా? అధ్యక్షుడు ప్రతి ఓటుకు ముందు "ఇప్పుడు ఓటు దేని మీద" అన్నది చెప్పి, "ఇది గెలిస్తే వాక్యం ఇలా ఉంటుంది" అని చదివితే ఎవరూ తప్పిపోరు.

"ఆ డబ్బుతో వాకింగ్ ట్రాక్ దగ్గర బెంచీలు వేయిద్దాం" అన్నది సవరణ కాదు, వేరే ప్రతిపాదన. "పంచాలి" బదులు "పంచకూడదు" అని మార్చమనడమూ సవరణ కాదు. అలా అనుకునేవారు వ్యతిరేకంగా ఓటు వేస్తే సరిపోతుంది.

చర్చ తెగకపోతే రెండు దారులున్నాయి. వివరాలు తెలియక తెగకపోతే కమిటీకి పంపండి, కానీ ఎంతమంది, ఏం కనుక్కోవాలి, ఏ తేదీలోపు అన్నవి తీర్మానంలోనే ఉండాలి. గడువు లేని కమిటీ అంటే ఆ విషయం అటకెక్కినట్టే. తెలియాల్సినవి తెలిసీ మాటలు సాగుతుంటే ఎవరైనా "చర్చ ముగించి ఓటింగు పెట్టాలి" అని ప్రతిపాదించవచ్చు. దానికి బలపరచేవారూ, మూడింట రెండు వంతుల ఓట్లూ కావాలి. వెనక వరసలోంచి "ఓటింగు, ఓటింగు" అన్న కేకలకు అధ్యక్షుడు లొంగకూడదు.

నియమం తప్పిందని అనిపిస్తే ఎవరైనా, మధ్యలోనైనా "పాయింట్ ఆఫ్ ఆర్డర్" అని లేవవచ్చు. బలపరచనక్కర్లేదు. అధ్యక్షుడు వెంటనే ఒప్పుకుంటున్నానో లేదో, ఎందుకో చెప్పాలి. ఆ రూలింగు నచ్చకపోతే సభకే అప్పీలు చేయవచ్చు. ఇద్దరు కోరితే అధ్యక్షుడి మాట నిలవాలా వద్దా అన్నది సభ ఓటుతో తేలుస్తుంది. మన దగ్గర పాయింట్ ఆఫ్ ఆర్డర్ పేరు చెప్పి ఉపన్యాసం మొదలుపెట్టేవారు ఎక్కువ. ఏ నియమం తప్పిందో ఒక్క వాక్యంలో చెప్పమనండి, చెప్పలేకపోతే కూర్చోమనండి.

ఓట్లు లెక్కపెట్టడం

మామూలు విషయాలకు మూజువాణి ఓటు చాలు. "అనుకూలంగా ఉన్నవారు అవును అనండి" అని అడిగాక, "వ్యతిరేకంగా ఉన్నవారు కాదు అనండి" అని తప్పక అడగాలి. రెండో ప్రశ్న అడగకుండా "ఆమోదించడమైనది" అనేయడం మన సభల్లో బాగా అలవాటైన తప్పు. చప్పట్లు ఓటు కాదు. గొంతుల్లో తేడా తెలియకపోతే చేతులెత్తించి, ఇద్దరితో లెక్కపెట్టించండి. మొహమాటం అడ్డొచ్చే చోట్ల, అంటే ఎన్నికల్లో, మనుషుల మీద చర్య తీసుకునే విషయాల్లో చీటీలు పంచండి.

వందన తీర్మానంలాంటి వాటికి ఓటే అక్కర్లేదు. "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగి, అయిదు సెకన్లు ఆగి, లేదంటే ఆమోదం. ఒక్కరు అభ్యంతరం చెప్పినా మామూలు పద్ధతిలో ఓటుకు పెట్టాల్సిందే.

మెజారిటీ లెక్కకు ఒక ఉదాహరణ. గదిలో 34 మంది. అనుకూలం 17, వ్యతిరేకం 14, ముగ్గురు ఎటూ వేయలేదు. "పోలైన ఓట్లలో మెజారిటీ" అన్నది మీ నియమమైతే తీర్మానం గెలిచింది. బైలాలో "హాజరైనవారిలో మెజారిటీ" అని ఉంటే 18 కావాలి కాబట్టి ఓడింది. ఆ ఒక్క మాట కోసమే బైలా సంచిలో ఉండాలన్నది. మూడింట రెండు వంతులకు సులువైన పద్ధతి: అనుకూలం, వ్యతిరేకానికి రెట్టింపో అంతకు మించో ఉండాలి. 20-10 అయితే నెగ్గింది, 20-11 అయితే లేదు.

ఓట్లు సమానమైతే? లోక్‌సభ స్పీకరుకు రాజ్యాంగం 100వ అధికరణం నిర్ణాయక ఓటు ఇచ్చింది. మీ అధ్యక్షుడికి అది ఉందా లేదా అన్నది బైలా చెప్పాలి. చెప్పకపోతే, అధ్యక్షుడు అంతకుముందే సభ్యుడిగా ఓటు వేసి ఉంటే రెండో ఓటు ఉండదు. సమానమైన ప్రతిపాదన ఓడినట్టే, మెజారిటీ రాలేదు కాబట్టి.

మర్నాడు వాట్సాప్‌లో "అదేటి, మొన్నే ఒప్పుకున్నాం కదేటి, మళ్లీ మార్చడమేటి?" అన్న రగడ మొదలవుతుంది. గ్రూపులో బొటనవేళ్లు ఓట్లు కావు. ఓడిన ప్రతిపాదనను వచ్చే మీటింగులో మళ్లీ పెట్టవచ్చు. నెగ్గినదాన్ని రద్దు చేయాలంటే ముందుగా నోటీసు ఇస్తే మామూలు మెజారిటీ చాలు, నోటీసు లేకుండా అయితే మూడింట రెండు వంతులు కావాలి. అడ్వాన్సులు ఇచ్చేసి, పని జరిగిపోయి ఉంటే రద్దు చేయడానికి ఏమీ మిగలదు.

మినిట్స్ పుస్తకం

అట్ట గట్టిగా ఉన్న, పేజీ నంబర్లు అచ్చువేసిన పుస్తకం కొనండి, విడి కాగితాలు వద్దు. అందులో ఎవరేం మాట్లాడారన్నది రాయనక్కర్లేదు, సభ ఏం చేసిందన్నది రాయాలి: తేదీ, మొదలైన సమయం, హాజరు సంఖ్య, కోరం, ప్రతి ప్రతిపాదన పూర్తి వాక్యం, ప్రతిపాదించినవారు, బలపరిచినవారు, ఓట్ల లెక్క, ఫలితం, ముగిసిన సమయం. ఓడిన ప్రతిపాదనలూ రాయాలి.

మన సంఘాల్లో పెద్ద ప్రమాదం ఒకటుంది. మీటింగు మొదట్లోనే మినిట్స్ పుస్తకం ఖాళీ పేజీ తిప్పి, కింద అందరి చేతా సంతకాలు పెట్టించేస్తారు. పైన ఏం రాస్తారన్నది తర్వాత సంగతి. ఖాళీ చెక్కు మీద సంతకానికీ దీనికీ తేడా లేదు. హాజరుకు వేరే పుస్తకం పెట్టండి. మినిట్స్ పేజీలో రాత ముగిసిన చోట మిగిలిన జాగాను అడ్డగీతతో కొట్టేయండి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి పక్కన పొట్టి సంతకం, వైట్‌నర్ వాడకూడదు.

బ్యాంకులో సంతకందారులను మార్చే తీర్మానాన్ని మాత్రం ఇంకాస్త జాగ్రత్తగా రాయండి. ఖాతా ఏ పేరుతో ఉందో అక్షరం తేడా లేకుండా అదే పేరు, ఖాతా నంబరు, తప్పుకునేవారి పేర్లు, కొత్తవారి పేర్లు, ఇద్దరూ కలిసి సంతకం చేయాలా ఎవరో ఒకరు చాలా అన్నది. ఇందులో ఏది తప్పినా కౌంటరు దగ్గర తీర్మానం నకలు వెనక్కి వస్తుంది, దాన్ని దిద్దడానికి మళ్లీ నోటీసు, మళ్లీ కోరం. అందుకని ఈ తీర్మానం ముసాయిదాను మీటింగుకు ముందే బ్యాంకులో చూపించి, వాళ్లడిగే మాటలు చేర్చుకుని, ఆ తర్వాతే సభ ముందు చదవండి.